రాని రోగి లెక్క

(సోంపేటలో జరిగిన ధర్మనిధి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. రేపు అచ్చయ్యే చిన్న పుస్తకం అట్ట మీదా ఉంటుంది. ప్రసంగంలో మాత్రం ‘డాక్టరుగారు’ అనే అంటాను. మీరంతా ఆయన్ని అలాగే పిలిచేవారు కదా.

ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, విశాఖలో స్థిరపడే అవకాశం ఉండీ, ఆయన ఈ ఉద్దానం జీడితోటల మధ్యకు వచ్చారు. ఒక వరండా, ఒక గది, గది వెనక మందుల అలమార. ఆస్పత్రి అంటే అంతే. జ్వరమని వెళితే సూది వెయ్యకుండా పంపేస్తున్నారని మొదట్లో కొందరు ఆయన దగ్గరికి వెళ్లడం మానేశారట. సెలైను ఎక్కించమని బతిమాలినా, అవసరం లేకపోతే ఎక్కించేవారు కాదు. విరోచనాలతో బిడ్డను తెచ్చిన తల్లి చేత ఓఆర్ఎస్ తన ఎదుటే కలిపించి, ఆమెకు చేతనవుతుందని తేలాకే ఇంటికి పంపేవారు. ఆ నిలకడకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఈ ఉపన్యాసానికి నేను ఒప్పుకోవడానికి ఆ గౌరవం కాక మరో కారణం ఉంది. డాక్టరుగారు వదిలివెళ్లిన పొడుగు నోటు పుస్తకాలను కుటుంబసభ్యులు దయతో నాకు చూపించారు. ఎడమ పేజీలో ఆ రోజు వచ్చిన రోగులు. కుడి పేజీలో ఆ రోజు రావలసి ఉండీ రానివాళ్లు. కుడి పేజీలో ప్రతి పేరు పక్కనా ఒక ముక్క రాసి ఉంది. కబురు పెట్టాను. కూలికి వెళ్లింది, బుధవారం వస్తానంది. బరంపురంలో చూపించుకుంటున్నాడట. మందు మానేశాడు, వాళ్లన్నకు చెప్పాను.

మనం వెళ్లే చిన్న ఆస్పత్రి మంచిదా కాదా, అక్కడ మన ప్రాణానికి భద్రత ఉందా లేదా అన్నది ఎలా తెలుసుకోవాలి? ఇదే ఈనాటి ప్రశ్న. పెద్దాస్పత్రుల గురించి కాదు. ఊళ్లోని పీహెచ్‌సీ, వీధి చివర క్లినిక్కు, విలేజ్ హెల్త్ క్లినిక్, వీటి గురించి. దీనికి నా జవాబంతా ఆ కుడి పేజీలో ఉంది. అక్కడికి ఎలా చేరుకున్నానో మెట్టుమెట్టుగా చెబుతాను.

1

మొదటి మెట్టు, మంచి పేరు. మనలో ఎక్కువమంది డాక్టరును ఎంచుకునేది పేరు విని. ఆయన హస్తవాసి మంచిది, ఆప్యాయంగా మాట్లాడతారు, పిలిస్తే ఇంటికొస్తారు. ఈ గుణాలు చాలా విలువైనవి. కానీ వీటితో భద్రతను కొలవలేం. ఇది ఎంత కఠినంగా రుజువైందో చెప్పాలంటే ఇంగ్లండులోని హైడ్ అనే చిన్న పట్టణానికి వెళ్లాలి.

మాంచెస్టరు పక్కనున్న హైడ్‌లో హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరు 1977 నుంచి పనిచేశాడు. 1992లో సొంతంగా, ఒక్కడే డాక్టరుగా ప్రాక్టీసు పెట్టుకున్నాడు. సుమారు మూడు వేల మంది అతని దగ్గర నమోదై ఉండేవారు. వృద్ధుల ఇళ్లకు స్వయంగా వెళ్లే డాక్టరని ఊళ్లో గొప్ప పేరు. 1998 సెప్టెంబరులో అతన్ని అరెస్టు చేశారు. 2000 జనవరిలో 15 మంది రోగులను హత్య చేసినట్టు కోర్టు తేల్చింది. తర్వాత జడ్జి జానెట్ స్మిత్ జరిపిన విచారణలో, 2002 నాటి తొలి నివేదిక ప్రకారం, అతను చంపినవాళ్లు 215 మంది. చాలావరకు డయామార్ఫిన్ ఇంజెక్షన్లతోనే.

తమ్ముడూ, చెల్లీ, మీ ముఖాల్లో భయం కనిపిస్తోంది. డాక్టర్లను అనుమానించమని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. అలాంటివాడు కోట్లలో ఒకడు. నన్ను పట్టుకున్న సంగతి వేరు. అన్నేళ్లపాటు ఎవరూ లెక్క చూడలేదు. అతనే మందు ఇచ్చేవాడు, అతనే మరణ ధ్రువపత్రం రాసేవాడు. ఒక ప్రాక్టీసులో ఏడాదికి ఎంతమంది చనిపోతున్నారు, పక్క ప్రాక్టీసులో ఎంతమంది అని పోల్చి చూసే చోటే లేదు. దహనానికి రెండో డాక్టరు సంతకం అవసరం గనుక పక్క క్లినిక్కు డాక్టర్ల దగ్గరికి ఆ ఫారాలు వచ్చేవి. ఆ సంఖ్య చూసి వాళ్లకు అనుమానం వచ్చింది. 1998 మార్చిలో, అనుమానాస్పద మరణాలను విచారించే కరోనరు అనే అధికారికి చెప్పారు. పోలీసులు పైపైన చూసి వదిలేశారు. అతను అరెస్టయ్యేలోగా మరో ముగ్గురు పోయారు. రోగుల ప్రేమ, ఊరి గౌరవం, అతని మర్యాద, ఇవేవీ చెప్పలేని నిజాన్ని పక్క క్లినిక్కులో ఫారాలు లెక్కపెట్టినవాళ్లు చెప్పారు. ఆ తర్వాత, కరోనరు విచారించని ప్రతి మరణాన్నీ, మందు ఇచ్చిన డాక్టరు కాకుండా మరో డాక్టరు పరిశీలించే పద్ధతి అక్కడ చట్టబద్ధంగా అమల్లోకి రావడానికి 2024 సెప్టెంబరు దాకా పట్టింది.

2

రెండో మెట్టు, కంటికి కనిపించేవి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఇవి మీరంతా రేపే చూడగలిగినవి.

ముందు సూది. 2018లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మవు ప్రాంతంలో పదుల సంఖ్యలో జనానికి హెచ్‌ఐవీ బయటపడింది. అర్హత లేని ఒక వైద్యుడు ఇల్లిల్లూ తిరుగుతూ ఒకే సిరంజితో పలువురికి ఇంజెక్షన్లు వేశాడన్న ఆరోపణ మీద కేసు నమోదైంది. అక్కడి జనానికి అతను తక్కువ డబ్బుకు గుమ్మంలోకి వచ్చే మనిషి, అందుకే వెళ్లారు. కాబట్టి సిరంజి ప్యాకెట్టు మీ కళ్లముందు చింపాలి. వాడిన సూదిని అక్కడికక్కడే కట్టర్లో కత్తిరించి, చిల్లు పడని తెల్లడబ్బాలో వెయ్యాలి. ఇది అడగడం అమర్యాద కాదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని నాలుగు రంగులు పెట్టింది ఇందుకే. అసలు ఆ ఇంజెక్షన్ అవసరమా అని అడగడం అంతకంటే ముందు పని.

తర్వాత టీకాల ఫ్రిజ్. ఐఎల్ఆర్ అంటారు. లోపల ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. రోజుకు రెండుసార్లు చూసి రాయాలి. చాలామంది వేడి గురించే భయపడతారు. పెంటావాలెంట్ లాంటి టీకా గడ్డకట్టినా పాడవుతుందని గుర్తుంచుకోవాలి. టీకా సీసా మీద ఒక వలయం, వలయంలో ఒక చతురస్రం ఉంటాయి. లోపలి చతురస్రం బయటి రంగు కంటే లేతగా ఉంటే వాడొచ్చు. రంగు కలిసిపోతే పారెయ్యాలి. అక్షరం రాని తల్లి కూడా చూడగలిగిన పరీక్ష ఇది. మీజిల్స్-రుబెల్లా టీకాను కలిపాక 4 గంటలకు మించి ఉంచకూడదు. ఆ సీసా మీద కలిపిన టైము రాసి ఉందా అన్నది నేను ఏ సెంటర్‌కు వెళ్లినా ముందుగా చూసే సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని సంగతి మీకు నేను చెప్పాలా? అలాంటి వేళ టీకాలు ఎక్కడికి తరలించాలి, ఎవరు తరలించాలి అన్నది ముందే కాగితం మీద రాసి, గోడకు అంటించి ఉండాలి.

ఇక ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే సామాను. ఇంజెక్షన్ పడక ఊపిరాడని మనిషికి ఎడ్రినలిన్ నిమిషాల్లో తొడ కండరంలోకి ఎక్కాలి. ఆ ఆంపూల్ ఎక్కడుంది, గడువు ఎప్పటిదాకా ఉంది? ఆక్సిజన్ సిలిండరు ఉందా అని అడిగితే అందరూ చూపిస్తారు. తెరిచే స్పానరు దానికే కట్టి ఉందా అని అడగండి. తోటల్లో పాము కాట్లు మామూలైన ఈ ప్రాంతంలో విషం విరుగుడు మందు కనీసం పది వయల్స్ లేకపోతే మొదటి డోసుకే చాలదు. కాటు పడ్డ మనిషి రక్తం 20 నిమిషాల్లో గడ్డకడుతుందో లేదో చూడటానికి శుభ్రమైన గాజు ట్యూబు ఒకటి చాలు. అది కూడా లేని చోట్లున్నాయి.

మన ప్రభుత్వం ఇవన్నీ చూడటానికి పద్ధతులు పెట్టింది. పీహెచ్‌సీ ఎలా ఉండాలో చెప్పే ఐపీహెచ్‌ఎస్ ప్రమాణాలు 2007లో వచ్చాయి, 2012లో, 2022లో మారాయి. శుభ్రతకు కాయకల్ప్ 2015లో మొదలైంది. నాణ్యతకు ఎన్‌క్వాస్ ఉంది. అందులో ఎనిమిది విభాగాలు, ప్రతి అంశానికీ రెండు, ఒకటి లేదా సున్నా మార్కులు. తనిఖీకి వచ్చినవాళ్లు కళ్లతో చూస్తారు, సిబ్బందిని అడుగుతారు, రికార్డు తిరగేస్తారు, రోగులతో మాట్లాడతారు. నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. ఎన్‌క్వాస్ కోసం తయారవుతూ ప్రసవాల గదిని నిజంగా మార్చుకున్న నర్సులు నాకు తెలుసు.

అయినా ఒక లోటుంది. ఇవన్నీ ఆస్పత్రి గోడల లోపలి సంగతులు. తనిఖీ తేదీ ముందే తెలిస్తే గోడకు సున్నం పడుతుంది, చెత్తబుట్టలకు కొత్త కవర్లు వస్తాయి. పైగా గదిలో ఉన్న సామాను గదిలోకి వచ్చిన మనిషికే పనికొస్తుంది. రాని మనిషి సంగతి?

3

రాని మనిషి సంగతి తెలుసుకోవడానికి ఇంగ్లండుకే మళ్లీ వెళదాం. తెలుగువాళ్లకు అది పరాయి వైద్యం కాదు. విశాఖ, గుంటూరు, ఉస్మానియా కాలేజీల్లో చదివిన ఎందరో డాక్టర్లు అక్కడి జాతీయ ఆరోగ్య సేవలో పనిచేశారు. స్థానిక డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడని గని ఊళ్లలో, పారిశ్రామిక పట్టణాల్లో ఫ్యామిలీ డాక్టరు వ్యవస్థను నిలబెట్టినవాళ్లలో భారతీయులు చాలామంది.

అక్కడ ప్రతి మనిషీ ఒక క్లినిక్కులో పేరు నమోదు చేసుకుంటాడు. ఆ క్లినిక్కులను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ 2009లో పని మొదలుపెట్టింది, 2013 ఏప్రిల్ నుంచి ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కులు దాని పరిధిలోకి వచ్చాయి. అది అడిగేవి ఐదే ప్రశ్నలు. ఇక్కడ రోగికి భద్రత ఉందా? వైద్యం ఫలితం ఇస్తోందా? మనిషిని మనిషిగా చూస్తున్నారా? జనం అవసరానికి తగ్గట్టు నడుస్తోందా? నడిపించేవాళ్లకు తమ ఆస్పత్రి సంగతి తెలుసా? ఈ ఐదు జవాబుల మీద నాలుగు స్థాయిల్లో ఒక గ్రేడు ఇస్తారు. దాన్ని క్లినిక్కులో జనానికి కనిపించేట్టు పెట్టాలి.

ఈ ప్రశ్నలు బాగున్నాయి. కానీ నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఇటీవలి ఏళ్లలో ఆ తనిఖీదారులు చేస్తున్న మరో పని. క్లినిక్కు భవనం చూడకముందే, అర్హులైన డాక్టరు చేత ఆ క్లినిక్కు కంప్యూటరు రికార్డుల్లో వెతికిస్తారు. ఉదాహరణకు మెథోట్రెక్సేట్ అనే మందు ఉంది. కీళ్లవాతానికి వారానికి ఒకసారి వేసుకోవలసిన బిళ్ల. రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తుంది, సరిగ్గా వేసుకున్నా రక్తకణాల్ని, కాలేయాన్ని దెబ్బతీయవచ్చు గనుక మూడు నెలలకోసారి రక్తపరీక్ష కావాలి. ఈ మందు వాడుతూ పరీక్ష చేయించుకోని వాళ్లెవరు అని కంప్యూటరును అడుగుతారు. పేర్లు వస్తాయి. చక్కెర పరీక్షలో మధుమేహం ఉన్నట్టు అంకె వచ్చినా, జబ్బు ఉందని ఎవరూ రాయని, రోగికి చెప్పని వాళ్లెవరు అని అడుగుతారు. పేర్లు వస్తాయి. క్యాన్సరు అనుమానంతో పై ఆస్పత్రికి రాసిన మనిషి అక్కడికి చేరాడా లేదా చూసుకునే ఏర్పాటు ఉందా అని అడుగుతారు.

ఆ పేర్లవాళ్లు ఆ రోజు క్లినిక్కులో ఉండరు. వాళ్లకు తమ జబ్బు సంగతి కూడా తెలియకపోవచ్చు. ఫిర్యాదు చేయరు. అభిప్రాయ సేకరణలో తమ డాక్టరుకు మంచి మార్కులే వేస్తారు. వాళ్లకు జరుగుతున్న హానిని చూపించగలిగేది ఆ జాబితా ఒక్కటే. బడిలో మేష్టారు హాజరు పిలిచేది వచ్చినవాళ్ల కోసం కంటే రానివాళ్ల కోసం కదా, అలాంటిది ఇది.

ఆ కమిషన్ లోపం లేనిదని అనుకోకండి. 2024లో పెన్నీ డ్యాష్ అనే డాక్టరు దాని పనితీరును సమీక్షించి తీవ్రమైన లోపాలు ఎత్తిచూపారు. ఏళ్ల తరబడి మళ్లీ తనిఖీకి నోచుకోని ఆస్పత్రులున్నాయని తేలింది. అంటే గోడ మీది గ్రేడు పాతబడి ఉంటుంది, జనం దాన్ని నిజమనుకుంటారు. బయటివాళ్ల తనిఖీ అవసరమే కానీ, దాని మీదే ఆధారపడి కూర్చోలేం.

4

వెతికే పని తనిఖీదారు వచ్చినప్పుడు కాదు, ఆస్పత్రే తనంతట తాను చెయ్యాలని అందరికంటే స్పష్టంగా చూపినవాడు జూలియన్ ట్యూడర్ హార్ట్. వేల్స్‌లో గ్లిన్‌కొరుగ్ అనే బొగ్గుగని ఊళ్లో 1961 నుంచి డాక్టరుగా పనిచేశాడు. 1971లో లాన్సెట్ పత్రికలో ఆయన రాసిన వ్యాసం ప్రపంచమంతా చదివింది. మంచి వైద్యం ఎక్కువ అవసరమైన చోటే తక్కువగా దొరుకుతుందని, వైద్యం అంగడి సరుకైన కొద్దీ ఈ అన్యాయం పెరుగుతుందని అందులో వాదించాడు. ఉద్దానం జనానికి దీన్ని వివరించవలసిన పని లేదు.

ఆయన చేసిన పని మాత్రం ఆ వ్యాసం కంటే పెద్దదని నా నమ్మకం. 1960ల చివర్లో తన ఊళ్లోని పెద్దవాళ్లందరి రక్తపోటూ కొలవడానికి పూనుకున్నాడు. జబ్బని వచ్చినవాళ్లది కాదు, అందరిదీ. రక్తపోటు నొప్పి పుట్టించదు గనుక ఎక్కువ ప్రమాదంలో ఉన్న మనిషి డాక్టరు దగ్గరికి రాడు. గనిలో దిగే మనిషికి ఆస్పత్రికి వచ్చే తీరిక ఉండదు. ఇంకా మిగిలినవాళ్లెవరు అని జాబితా చూసుకుంటూ ఒక్కొక్కరినే పట్టుకున్నాడు. అలా పాతికేళ్లు. చివరకు లెక్క చూస్తే, అలాంటి వెతుకులాట లేని పక్క ఊరితో పోల్చినప్పుడు గ్లిన్‌కొరుగ్‌లో అకాల మరణాలు తక్కువగా ఉన్నాయి.

ఇక్కడున్న వైద్య విద్యార్థులకు ఒక్క మాట. ఆ ఊళ్లో కొత్త మందేదీ కనిపెట్టలేదు. పెద్ద యంత్రమేదీ లేదు.

అది వేల్స్, మన దగ్గర కుదరదు అంటారేమో. 2017 నవంబరులో ఐసీఎంఆర్, కేంద్ర ఆరోగ్యశాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఒకటి మొదలుపెట్టాయి. తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో నాకు నచ్చిన అంశం లెక్క కట్టే తీరు. ఎంతమందికి బీపీ అదుపులో ఉంది అని చూసేటప్పుడు గడిచిన మూడు నెలల్లో వచ్చినవాళ్లను మాత్రమే తీసుకోరు. నమోదైన అందరినీ తీసుకుంటారు. రానివాళ్లు కూడా లెక్కలో ఉంటారు, రాలేదనే పద్దు కింద. వాళ్లకు ఫోను చెయ్యాలి, ఇంటికి వెళ్లాలి. వచ్చినవాళ్లనే లెక్కేస్తే ఏ ఆస్పత్రి అయినా బ్రహ్మాండంగా కనిపిస్తుంది, ఎందుకంటే మందు వాడేవాళ్లే మళ్లీ వస్తారు. రానివాళ్లను కలిపితే నిజం బయటపడుతుంది.

5

ఇప్పుడు మన గడ్డకు వస్తాను.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఉద్దానంలోని ఈ మండలాల పేర్లు కిడ్నీ వైద్యుల సదస్సుల్లో వినిపిస్తాయి. ఇక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఏమిటో ఇంకా తేలలేదు. నీరు, ఎండలో శ్రమ, నేలలోని లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, అన్నింటి మీదా పరిశోధన జరుగుతోంది. సోంపేట, కవిటి, పలాసల్లో డయాలిసిస్ యంత్రాలు నడుస్తున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. ఇవి రావలసినవి, ఆలస్యంగానైనా వచ్చాయి. కానీ డయాలిసిస్ కుర్చీ అనేది జబ్బు చివరి మజిలీ. దానికి ముందు ఏళ్ల తరబడి ఆ మనిషి ఊళ్లోనే తిరిగాడు. ఒంటినొప్పులకు, గ్యాసుకు, జ్వరానికి ఏదో ఒక చిన్న ఆస్పత్రికి ఎన్నోసార్లు వెళ్లాడు. ఆ చిన్న ఆస్పత్రి అతన్ని చూసిందా? నా ప్రశ్న అంతా దాని మీదే.

దీర్ఘకాల కిడ్నీ జబ్బుకు వైద్యశాస్త్రం చెప్పే నిర్వచనం వినండి. కిడ్నీ దెబ్బతిన్న గుర్తు గానీ, పనితీరు తగ్గుదల గానీ కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒక్క రోజు రక్తంలో ఎక్కువ వచ్చినంత మాత్రాన ఆ జబ్బని చెప్పకూడదు. ఎండలో పనిచేసి నీళ్లు తక్కువై కూడా పెరగొచ్చు. మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. అంటే ఏమిటి? మొదటి పరీక్ష చేసి, చీటీ చేతిలో పెట్టి, మూడు నెలల తర్వాత రా అని చెప్పి మరిచిపోయే ఆస్పత్రి ఈ జబ్బును కనిపెట్టలేదు. అక్కడి డాక్టరు ఎంత చదివినవాడైనా, ల్యాబు ఎంత మంచిదైనా సరే. రోగిని వెనక్కి పిలవడం చేతకాని చోట ఈ రోగనిర్ధారణే సాధ్యం కాదు. ఉద్దానంలో గతంలో ఇంటింటికీ తిరిగి పరీక్షలు జరిగాయి, శిబిరాలు జరిగాయి. శిబిరంలో అంకె కాస్త ఎక్కువ వచ్చినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి, ఆ పుస్తకం ఎవరి బల్ల మీద ఉంది, మూడు నెలలకు ఎంతమందికి మళ్లీ రక్తం తీశారు అని మీరు అడగాలి.

పైగా ఈ జబ్బు తొలిదశలో కడుపులో నొప్పి రాదు, కాళ్లు వాయవు, మూత్రం ఎర్రబడదు. ఒళ్లు నొప్పులంటూ వచ్చిన కూలీకి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేస్తే సాయంత్రానికి హాయిగా ఉంటుంది. డాక్టరుకు మంచి పేరు వస్తుంది. అప్పటికే సగం దెబ్బతిన్న కిడ్నీకి ఆ మందు ఇంకా చేటు చేస్తుంది. రోగికి ఆ సంగతి తెలియదు, వేసినవాడికీ తెలియదు. తృప్తికీ భద్రతకూ మధ్య దూరం ఎంతుందో ఇంతకంటే స్పష్టంగా నేను చూపలేను. షుగరు రోగులకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ కూడా కిడ్నీ పనితీరు తగ్గిన కొద్దీ డోసు తగ్గించి, బాగా తగ్గితే మానెయ్యవలసిన మందు. ఈ మండలాల్లో ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతూ ఏడాదిలో ఒక్కసారైనా క్రియాటినిన్ చూడనివాళ్లు ఎందరు? ప్రతి పీహెచ్‌సీ తన రికార్డుల్లో ఈ ఒక్క వెతుకులాట చేస్తే చాలు, తన భద్రత ఎంతో తనకే తెలిసిపోతుంది.

పిలవడం తేలిక కాదు, నాకు తెలుసు. మన మగవాళ్లలో చాలామంది ఊళ్లో ఉండరు. చేపల వేటకు గుజరాత్ వెళ్లినవాళ్లు, హైదరాబాద్‌లో ఇళ్ల పనులకు, చెన్నైలో కంపెనీలకు వెళ్లినవాళ్లు. ఉన్న నెంబరు భార్యది, లేదా రెండేళ్ల క్రితం మానేసిన సిమ్ముది. ఇచ్ఛాపురం వైపు కొన్ని ఇళ్లలో ఒడియాలో చెబితే గానీ మాట ఎక్కదు. ఫలానా రోజున రక్తపరీక్షకు రండి అని తెలుగులో వచ్చిన మెసేజ్ అక్కడ చదివేవాళ్లుండరు. కాబట్టి పేరు పక్కన ఫోను నెంబరు ఒక్కటే కాదు, ఏ నెలలో ఊళ్లో ఉంటాడు, సంక్రాంతికి వస్తాడా, కబురు ఎవరి ద్వారా చేరుతుంది అన్నవి కూడా రాసుకున్న ఆస్పత్రే ఇక్కడ మంచి ఆస్పత్రి. డాక్టరుగారి కుడి పేజీల్లో ఇవే ఉన్నాయి.

ఇంగ్లండులో ఉన్న సౌలభ్యం, ప్రతి మనిషీ ఒక క్లినిక్కుకు చెందడం, మనకు లేదని అంటారు. ప్రైవేటు క్లినిక్కుకు నిజంగానే లేదు, దానికి వచ్చినవాడే రోగి. కానీ పీహెచ్‌సీకి ఉంది. మైదానంలో 30,000, కొండ ప్రాంతంలో 20,000 జనాభాకు ఒక పీహెచ్‌సీ అన్నది లెక్క. ప్రతి ఇల్లూ ఏదో ఒక ఏఎన్‌ఎం, ఏదో ఒక ఆశా పరిధిలో ఉంది. 2023 ఏప్రిల్‌లో లాంఛనంగా మొదలైన ఫ్యామిలీ డాక్టరు పద్ధతిలో పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో ఊళ్లకే వెళ్లాలి. ఊరు ఉంది, జాబితా ఉంది, బండి ఉంది. ఆ బండి ఊళ్లోకి వచ్చినప్పుడు డాక్టరు చేతిలో ఏ కాగితం ఉండాలన్నదే తేల్చుకోవాలి. బండి దగ్గరికి వచ్చినవాళ్ల ఓపీ పుస్తకం ఒక్కటే ఉంటే, అది పీహెచ్‌సీని నాలుగు చక్రాల మీద తిప్పడమే. రావలసినవాళ్ల జాబితా కూడా ఉంటే ఆ పని వేరు.

6

చివరి మెట్టు. ఇదంతా ఎవరు అడగాలి, ఎలా అడగాలి?

జిష్ణు దాస్, ఆయన సహచరులు ఢిల్లీలో, మధ్యప్రదేశ్‌లో చేసిన అధ్యయనాలు నన్ను చాలాకాలం ఆలోచింపజేశాయి. శిక్షణ ఇచ్చిన మనుషుల్ని రోగుల్లా నటింపజేసి డాక్టర్ల దగ్గరికి పంపారు. డాక్టరుకు తెలిసింది ఒకటి, గదిలో చేసేది ఒకటి అని తేలింది. పరీక్ష పెడితే సరైన జవాబు రాయగలిగిన డాక్టరు కూడా రోగి ఎదుట రెండు ప్రశ్నలు అడిగి మందు రాసేస్తున్నాడు. కాబట్టి లోపం ఎక్కువసార్లు చదువులో లేదు. పని జరిగే తీరులో ఉంది. నూటయాభై మంది వరుసలో నిలబడి, ఫార్మసిస్టు సెలవులో ఉండి, డాక్టరే ఆన్‌లైన్ ఎంట్రీలు కూడా చేసుకుంటుంటే వరుసలో లేని మనిషి ఎవరికి గుర్తొస్తాడు? అందుకే ఈ లెక్క డాక్టరును నిలదీసే కర్ర కాకూడదు. నిలదీస్తే ఏం జరుగుతుందో నేను చూశాను. అంకెలు బాగుపడతాయి, రోగులు బాగుపడరు. బీపీ అందరికీ 130 పైన 80 అని రాసిన రిజిస్టర్లు ఉన్నాయి. ఇరవై పేజీలు ఒకే అంకె, ఒకే చేతిరాత. ఆ అంకె రాసిన ఏఎన్‌ఎం దొంగ కాదు, ఎవరో ఆమెను భయపెట్టారు. రాలేదు, కలవలేకపోయాను అని రాసే ధైర్యం సిబ్బందికి ఉన్నచోటే భద్రత ఉంటుంది. ఆ ధైర్యం పై అధికారి ఇవ్వాలి.

మన పీహెచ్‌సీలకు ఆస్పత్రి అభివృద్ధి సంఘాలున్నాయి. వాటిలో పంచాయతీ ప్రతినిధులు ఉంటారు. ఆ సమావేశాల్లో గేటు, ఫ్యాను, మోటారు, పెయింటు గురించి చర్చ జరుగుతుంది. జరగనివ్వండి. దానితోపాటు ప్రతిసారీ నాలుగు సంగతులు అడగమని సర్పంచులను వేడుకుంటున్నాను. పోయిన నెల బీపీ, షుగరు మందులకు రావలసినవాళ్లలో ఎంతమంది రాలేదు, వాళ్లలో ఎంతమందిని కలిశారు? క్రియాటినిన్ ఎక్కువ వచ్చి మూడు నెలలు నిండినవాళ్లలో మళ్లీ పరీక్ష ఎంతమందికి జరిగింది? శ్రీకాకుళానికో, విశాఖ కేజీహెచ్‌కో రాసి పంపినవాళ్లు అక్కడికి చేరారా, అక్కడేం చెప్పారో ఇక్కడ తెలుసా? పోయిన మూడు నెలల్లో మన పరిధిలో చనిపోయినవాళ్లలో ఎవరి చావు ఆపగలిగి ఉండేవాళ్లం? నాలుగోది అడగడం కష్టం. తలుపులు మూసి, పేర్లు బయటికి పోకుండా, తప్పు పట్టకుండా మాట్లాడుకోవాలి. ప్రసూతి మరణాల మీద మన జిల్లాల్లో ఇప్పటికే అలాంటి సమీక్ష జరుగుతోంది. కిడ్నీ మరణాల మీద ఎందుకు జరగకూడదు?

సొంత క్లినిక్కులు నడిపే డాక్టర్లు కూడా ఈ సభలో ఉన్నారు. మీకు జాబితా ఎవరూ ఇవ్వరు, మీరే తయారుచేసుకోవాలి. వారానికి ఒక గంట, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి, ఒక ఫోను చాలు. ముందు ఒక్క జబ్బుతో మొదలుపెట్టండి. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లతో మొదలుపెట్టండి.

ఆర్‌ఎంపీలుగా పనిచేస్తున్న సోదరులకూ ఒక విన్నపం ఉంది. మిమ్మల్ని ఈ సభకు పిలవడం మీద కొందరికి అభ్యంతరం ఉందని విన్నాను. చట్టం ఏం చెబుతుందో మీకు తెలుసు, నేను దాన్ని సడలించలేను. కానీ ఒంటినొప్పులతో జనం ముందు వచ్చేది మీ గుమ్మానికే. ఆ నొప్పి ఇంజెక్షన్ ఆపండి. ఈ మండలాల్లో మీరు ఆపగలిగిన హాని ఇంత అని చెప్పలేనంత ఉంది. ఆ మనిషిని క్రియాటినిన్ పరీక్షకు పీహెచ్‌సీకి పంపండి, పంపిన పేరు ఏఎన్‌ఎం చెవిన వెయ్యండి.

ధర్మనిధి నిర్వాహకులతో ఉదయం మాట్లాడాను. ఈ ఏడాది వచ్చే వడ్డీలో కొంత భాగం, మొదటిసారి అంకె ఎక్కువ వచ్చినవాళ్లకు రెండో క్రియాటినిన్ పరీక్ష, దానికి వచ్చే బస్సు చార్జీ ఇవ్వడానికి కేటాయిస్తామని కుటుంబసభ్యులు చెప్పారు. వాళ్లకు నా కృతజ్ఞతలు. ఏ ఊరితో మొదలుపెట్టాలో ఇప్పుడే మాట్లాడుకుందాం. మైకు ముందుగా వెనక వరుసలో కూర్చున్న ఆశా కార్యకర్తలకు ఇవ్వండి. ఎవరు రావడం లేదో వాళ్లకు తెలుసు.